ముప్పై లెక్కపెట్టే లోపల

ఆ రోజుల్లో అనగానే టెలిగ్రాముల కాలం అనుకునేరు. అంత లేదు, ఆరేడేళ్ల కిందటి మాట. కానీ కంప్యూటర్ల లెక్కలో ఆరేడేళ్లంటే తాతల కాలమే కాబట్టి నేనూ ధైర్యంగా ఆ రోజుల్లో అంటున్నాను. కడప జిల్లాలో మాది మగ్గాల ఊరు. డిగ్రీ అయిపోయి, ఉద్యోగం రాక, బస్టాండు పక్కన నెట్ సెంటర్లో కూర్చునేదాన్ని. మూడు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, ఒక ఫ్యాను, వాటి మీద నేను మహారాణిని. ఈమెయిల్లో గానీ బ్రౌజర్లో గానీ కొత్త సదుపాయం ఏదైనా వచ్చిందంటే ఆ రోజు నన్ను పట్టడం ఎవరి తరమూ అయ్యేది కాదు. పొరపాటున మూసేసిన ట్యాబును మళ్లీ తెరవొచ్చని తెలిసిన రోజు, వచ్చినవాళ్లందరికీ మూసి తెరిచి, మూసి తెరిచి చూపించాను. (ఒకాయన పాపం, "శానా బాగుండాది తల్లీ, నా ఆదాయం సర్టిఫికెట్ ఇస్తే పోతా" అన్నాడు.) అదంతా నేనే కనిపెట్టినట్టు ఉండేది నా వాలకం.

అట్లా ఒకరోజు దొరికిందే, పంపిన మెయిల్‌ను వెనక్కి పిలిచే సదుపాయం. పంపమని నొక్కగానే స్క్రీను కింద మూలన ఒక నల్లపట్టీ కనపడుతుంది. అది మాయమయ్యేలోగా దాని మీద నొక్కితే మెయిల్ వెనక్కి వచ్చేస్తుంది. మామూలుగా అయిదు సెకన్లే గడువు. నేను సెట్టింగుల్లోకి పోయి దాన్ని ముప్పైకి పెంచి, ఊరికేదో ఉపకారం చేసినదానిలా ఇంట్లో అన్నాల దగ్గర ఆ సంగతి చెప్పాను. ఎవరూ తలెత్తలేదు, మా పెదనాన్న తప్ప. ఆయన మగ్గం మనిషి, తప్పు పోగు పడితే విప్పి మళ్లీ నేసే మనిషి. కలుపుతున్న చెయ్యి ఆపి, "అంటే పాపా, పోయినదాన్ని మళ్లా విప్పుకోవచ్చునా?" అన్నాడు.

ఆయనకా ప్రశ్న ఎందుకొచ్చిందో ఇంట్లో అందరికీ తెలుసు. మేమంతా రంగుల మామ అని పిలిచే ఆయన పెదనాన్నకు చిన్నప్పటి స్నేహితుడు. నూలుకు అద్దకం మామది, నేత పెదనాన్నది. రెండేళ్ల ముందు ఒక సరుకులో ఎరుపు కారిపోయి చీరలన్నీ తిరిగొచ్చాయి. పెదనాన్న పదిమంది ముందర, నీ చేతిలో రంగు చచ్చిపోయిందిరా అనేశాడు. మామ మారుమాట్లాడలేదు. వారం తిరక్కుండానే కర్నూలు పక్కన కల్లూరులో ఉన్న కొడుకు దగ్గరికి వెళ్లిపోయాడు. ఫోన్ చేస్తే ఎత్తడు. తర్వాత తేలిందేమంటే, నూలు సరిగ్గా ఆరకముందే తొందరపడి మగ్గం ఎక్కించింది పెదనాన్నే. ఇప్పుడేమో పెదనాన్న రెండో కూతురు, మా చిన్నక్కకు పెళ్లి కుదిరింది. మా ఇళ్లల్లో పెళ్లి మధుపర్కాలు ఇంట్లోనే నేస్తారు. పెద్దక్క మధుపర్కాల అంచుకు ఎరుపు అద్దింది మామే. ఇంకొకరి చేతి ఎరుపు నా మగ్గానికి తగలనివ్వనని పెదనాన్న పట్టు. తెల్లనూలు సిద్ధంగా ఉంది, అంచుకు పోగు లేదు, ముహూర్తం నెలలోపలే. తానే పోయి పిలుద్దామంటే ఒకపక్క మొహం చెల్లదు, ఇంకోపక్క రోషం అడ్డం.

మామ కొడుకుది కల్లూరులో ఫ్లెక్సీలు అచ్చేసే షాపు. ఫ్లెక్సీల వాళ్లకు ఫొటోలు మెయిల్లోనే పంపుతారు కదా, షాపు కార్డు మీద అడ్రసు ఉంది. మరుసటి రోజు పొద్దున్నే పెదనాన్న తెల్లపంచె కట్టుకుని నెట్ సెంటర్‌కు వచ్చి నా పక్కన కూర్చున్నాడు. క్షమాపణ చెప్తాడేమోనని నేను మెత్తగా కీబోర్డు మీద వేళ్లు పెట్టుకుంటే, ఆయన తిట్లు మొదలుపెట్టాడు. నేను టైపు చేయలేక చచ్చాను. అంతా అయ్యాక పంపమన్నాడు. పంపాను. గోడ గడియారం చూస్తూ గట్టిగా లెక్కపెట్టి, ఇరవై అయిదు కాగానే వెనక్కి లాగేశాను. పెదనాన్న హాయిగా ఊపిరి వదిలి, "చెప్పినట్టూ ఉండాది, చెప్పనట్టూ ఉండాది" అని లేచి మగ్గానికి పోయాడు. ఆ రోజు నుంచి అదొక నిత్యకృత్యమైపోయింది. రోజూ పొద్దున రావడం, స్నేహితుణ్ణి తిట్టడం, పంపడం, వెనక్కి పిలవడం, తేలికపడి ఇంటికి పోవడం. గుడికి పోయి వచ్చినవాళ్ల మొహం కూడా అంత ప్రశాంతంగా ఉండదు.

ఈ లోపల నేను ఊరికే కూర్చోలేదండోయ్. అసలు ఉత్తరం నా బుర్రతో తయారు చేస్తూ వచ్చాను. "గౌరవనీయులైన మిత్రులకు నమస్కరించి వ్రాయునది ఏమనగా, గతంలో జరిగిన అపార్థమునకు మిక్కిలి చింతిస్తూ" అని మొదలయ్యేది. (చింతిస్తూ అన్న మాట మూడుచోట్ల వచ్చింది, నాకు ఇష్టమైన మాట.) పెదనాన్నకు చదివి వినిపిస్తే, బాగుంది పాపా అనేవాడు, ఎవరింటి ఉత్తరమో విన్నట్టు. ఇది పంపుదామా అంటే, రేపు చూద్దాం అనేవాడు. పెళ్లికి ఇంకా పన్నెండు రోజులున్నాయి.

ఆ రోజు రద్దీగా ఉంది. తిట్లు టైపు చేయడం అయ్యేసరికి, పరీక్ష హాల్ టికెట్ కోసం వచ్చిన ఒకమ్మాయి కాగితం ప్రింటర్లో ఇరుక్కుని, ఆ పిల్ల ఏడుపు మొహం పెట్టింది. నేను పంపమని నొక్కేసి, నల్లపట్టీ చూపించి, "నువ్వే లెక్కపెట్టుకో పెదనాన్నా, ముప్పై లోపల ఈడ నొక్కు" అని ప్రింటర్ దగ్గరికి పోయాను. కాగితం పీకి వచ్చేసరికి పెదనాన్న రెండేసి వేళ్లు మడుస్తూ, నెమ్మదిగా, ఇరవై ఆరు, ఇరవై ఏడు అంటున్నాడు. స్క్రీను మీద పట్టీ లేదు. ఎట్లా లెక్కపెడుతున్నావు పెదనాన్నా అంటే, పోగులు లెక్కపెట్టినట్టే అన్నాడు. మగ్గంలో దువ్వెన పళ్లలాగా ఉండే పన్నెలో ఒక్కో సందుకు రెండు పోగులు పోతాయి. మా వాళ్లకు చిన్నప్పటి నుంచి ఒకటి అంటే జత. ఆయన ముప్పై అంటే మనకు అరవై. మెయిల్ కల్లూరు చేరిపోయింది.

నేను అన్ని మీటలూ నొక్కాను. పెదనాన్న మాత్రం ఆ ఖాళీ మూలనే చూస్తూ, "నేసి చుట్టకర్రకు చుట్టుకున్న గుడ్డను విప్పలేం పాపా" అని లేచిపోయాడు. ఆ రోజు అన్నం తినలేదు. మర్నాడూ సరిగ్గా తినలేదు. తప్పు నాది, ఆ హాల్ టికెట్ రెండు నిముషాలు ఆగి ఉంటే ఏమయ్యేది? పెద్దమ్మ రోజూలాగే నాకు అన్నం వడ్డించింది, అందుకే ఇంకా ఏడుపొచ్చింది. నా మర్యాద ఉత్తరం ఇప్పుడైనా పంపుదామని తెరిచి, తిట్టిన చేత్తో చింతిస్తూ అని ఎట్లా పంపేది అని మూసేశాను.

మూడోరోజు పొద్దున మా వీధిలోకి రంగుల మామ వచ్చాడు. చంకలో చాపచుట్టలాంటి పెద్ద చుట్ట, చేతిలో గుడ్డసంచి. పెదనాన్న మగ్గం గుంటలోంచే తలెత్తి చూశాడు. మామ నేరుగా వచ్చి ఆ చుట్టను గోడకు ఆనించి విప్పాడు. ఫ్లెక్సీ. నాన్నకు చూపు ఆనదని కొడుకు మెయిల్ మొత్తం జానెడేసి అక్షరాలతో అచ్చేసి ఇచ్చాడంట. మా పెదనాన్న తిట్లన్నీ పచ్చరంగులో, తళతళా మెరుస్తూ, వీధిలో పోయేవాళ్లు నిలబడి చదివేంత పెద్దగా ఉన్నాయి.

"ఒరే ఎదవా, తిడితే తిరిగి తిట్టాల గదా. మాట్లాడకుండా ఊరిడిసి పోతారంట్రా? తప్పు నాదే, ఆరని నూలు ఎక్కించింది నేనే. అయినా నువ్వు పోవడం అంతకంటే పెద్ద తప్పు. రెండేండ్ల నుంచి ఎరుపు చూస్తే నాకు మంట. ఆడ కూడా కాగే రంగులో ఒట్టి చెయ్యి పెడతాండావేమో, ముందే నీ తోలు పల్చన."

మామ చివరి వరుస మీద వేలు పెట్టాడు. ఆ వేలుకు ఇంకా ఎరుపు అంటుకుని ఉంది. "ఇది సదివే వచ్చినా. మర్యాదగా ఉండింటే రాసింది నువ్వు కాదనుకుంటాంటి" అన్నాడు. సంచిలోంచి మెలిపెట్టి కట్టిన నాలుగు చిలపల ఎర్రనూలు తీసి మగ్గం మీద పెట్టాడు. చిన్నక్క పెళ్లి సంగతి అప్పటికే విని ఉన్నాడంట, మెయిల్ వచ్చిన రోజే అద్దాడంట. పెదనాన్న ఆ నూలును చెంపకు ఆనించుకుని చూశాడు, ఆరిందా లేదా అని. ఆరింది. "తిన్నావా?" అని అడిగాడు. లేదన్నాడు మామ. ఇద్దరూ కలిసి తిన్నారు. నేను వంటింట్లో తలుపు వెనక నిలబడి ఏడ్చాను, నవ్వాను, పెద్దమ్మ చేత మొట్టికాయ తిన్నాను.

ఆ ఫ్లెక్సీని పెదనాన్న పారేయనివ్వలేదు. మగ్గం గుంట మీద కప్పు కారుతుందని, అక్షరాలు లోపలివైపు వచ్చేలా పైన కట్టించుకున్నాడు. నేత నేస్తూ తలెత్తితే తన తిట్లే తనకు కనపడతాయి. ఇప్పుడు నేను కర్నూలులో ఒక ఆఫీసులో పనిచేస్తున్నాను. మెయిల్లో రోజుకొక కొత్తది వస్తోంది. పోయిన నెల నుంచి, ఏం రాసినా, దీన్ని ఇంకా మర్యాదగా మార్చమంటారా అని పక్కన ఒక మీట అడుగుతోంది. అది అడిగినప్పుడల్లా నాకు మామ వేలు గుర్తొస్తుంది, వద్దని నొక్కుతాను. మొన్న పాత డ్రాఫ్టులు తీసేస్తుంటే ఆ ఉత్తరం కనపడింది. గౌరవనీయులైన మిత్రులకు, చింతిస్తూ, చింతిస్తూ, చింతిస్తూ. ఒక్క అక్షరం తప్పు లేదు. తీసేయబోయి, చెయ్యి రాక వదిలేశాను. పాపం నెట్ సెంటర్ మహారాణి, ఆ పిల్ల ఎంత కష్టపడి రాసిందో.