నవలల్లో మందు లేని రోగం

తెలంగాణ రాకముందు, డిప్లొమా అయ్యాక బావ పనిచేసే బొగ్గుగనిలోనే అప్రెంటిస్‌గా చేరి సెంటినరీ కాలనీలో అక్కాబావల క్వార్టర్‌లో ఉండేవాణ్ణి. అక్క అద్దెకు తెచ్చుకునే ప్రేమ నవలలు నేనూ చదివేవాణ్ణి. ఏది చదివినా నంబర్లు వేసి రాసుకోవడం నాకు అలవాటు. నలభై నవలల్లో ఎవరికి ఏ రోగమో రాశాను. హీరోకు గుండెజబ్బు. హీరోయిన్‌కు మెదడులో గడ్డ. చనిపోయే పేజీలో కూడా అందంగానే ఉంటుంది. చెప్పుకోలేని చోట రోగం మూడింటిలో వచ్చింది, మూడుసార్లూ తప్పు చేసిన ఆడదానికే. మూడుసార్లూ ఆమె చచ్చిపోయింది. మందు ఉంటుందని ఎక్కడా లేదు.

ఆ ఎండాకాలం అక్కకు తెల్లబట్ట, మంట. కంపెనీ దవాఖానలో చూపించుకుంటే ఇంటిల్లిపాది రోగాలూ రాసే బావ మెడికల్ బుక్కులో ఎక్కుతుందని భయపడింది. గోదావరిఖనిలో ప్రైవేటు డాక్టరమ్మ దగ్గరికి నేనే తీసుకుపోయాను. భార్యాభర్తలిద్దరికీ ఏడు రోజుల గోళీలు రాసింది. నాలుగో రోజుకు అక్క వాంతులతో మంచం పట్టింది. చూస్తే బావ గోళీలు కూడా తగ్గుతున్నాయి.

"బావ ఏసుకుంటున్నడా అక్కా?"

"ఆయనవి గూడ నేనే ఏసుకుంటున్న. ఇద్దరిది నాతోనే పోతది గద."

"నువ్వు తింటే బావ కడుపు నిండుతదా?"

"నవ్వకు తమ్మీ. ఆయనకిస్తే 'ఎవలతోని అంటించుకున్నవే' అని అడుగడా? గా పుస్తకాలల్ల గిట్లనే గద ఇంట్లకెళ్లి ఎల్లగొడుతరు."

ఒక్కరే వేసుకుంటే రోగం తిరిగొస్తుందని డాక్టరమ్మ చెప్పిన మాటే మళ్లీ చెప్పాను. "అయితే నువ్వే చెప్పు, నాతోని గాదు" అంది.

ఇద్దరికీ గోళీలు మళ్లీ రాయించుకొచ్చాను. బావ మొదటి షిఫ్టు దిగి, స్నానం చేసి అన్నానికి కూర్చున్నాడు. అక్క వంటింట్లోంచి బయటికి రాలేదు.

"బావా, అక్కకు ఇన్ఫెక్షన్ అయింది. డాక్టరమ్మ నీకు గూడ గోళీలు రాసింది. ఏడు రోజులు. తాగుడు బంద్."

"వారం రోజులా!" అన్నాడు బావ. అంతే. గోళీ మింగి, నీళ్లు తాగి, అన్నం కలుపుకున్నాడు. ఏం రోగమో, ఎట్లా వచ్చిందో అడగలేదు.

బావ పడుకున్నాక అక్క పళ్లెం తీయడానికి వచ్చి అక్కడే కూలబడింది.

"అడుగుతడని నాలుగు దినాలు చచ్చిన తమ్మీ. అడుగనే లేదు. గిప్పుడు నేనడగాలె గద, ఎవలతోని అంటించుకున్నవని."

అక్క అడగలేదు. ఏడు రోజులూ ఇద్దరూ గోళీలు వేసుకున్నారు. రోగం తగ్గింది.