పిండి మీద దువ్వెన గీతలు

మొగుడు పోయాక గజాలా కొండల్లోని తన పల్లె వదిలి సెఫ్రూ పట్నంలోని యూదుల వాడకు వచ్చింది. ఉన్ని వడికి పొట్ట పోసుకునేది. పని దొరికింది గానీ మనుషులు దొరకలేదు. ప్రార్థనా మందిరంలో ఆడవాళ్ల మేడ మీద ప్రతి బల్లా ఏదో ఒక ఇంటివాళ్లది. ఆమె మెట్ల మీదే కూర్చునేది. అయినా కీర్తన మొదలైతే ఆమె గొంతే ముందు లేచేది, పాడినంతసేపూ ఏ లోటూ గుర్తుండేది కాదు. అదే తామో ముసలమ్మకు కంటగింపు. వాడలో ఆవిడ నోటికి అడ్డు లేదు. కొండ యాసలో పిలిస్తే దేవుడికేం అర్థమవుతుందని నలుగురిలో ఎగతాళి చేసేది. ఆ నవ్వులు పడలేక గజాలా పండగ లోపు పల్లెకు వెళ్లిపోదామనుకుంది.

సబ్బాతునాడు, అంటే శుక్రవారం పొద్దుగూకింది మొదలు శనివారం పొద్దుగూకేదాకా, పొయ్యి వెలిగించకూడదు. అందుకే ముందే అందరి కుండలూ రొట్టెలు కాల్చే హమ్మూ బట్టీకి చేరి, రాత్రంతా ఆ సెగకే ఉడుకుతాయి. మూత చుట్టూ పిండి మెత్తి, గుర్తుకు తాళంచెవో ఉంగరమో అద్దుతారు. గజాలా మాత్రం కొండమీద వాళ్లమ్మలాగే దువ్వెన పళ్లు అద్దేది.

ఆ శనివారం కుండ ఇంటికి తెచ్చి మూత తీసి చూస్తే అది ఆమె వంట కాదు. లోపల మాంసం, గుడ్లు, ఖర్జూరాలు. ఆమె పెట్టింది గోధుమలు, శనగలు, ఒక్క ఎముక, చిటికెడు అడవి వాము. దొంగ అన్నారంటే ఇక ఈ వాడలో తలెత్తుకోలేదు. పిండి మీద చూస్తే తన గీతలే. బట్టీకి పరుగెత్తింది. దువ్వెన గుర్తు కుండలు ఈసారి రెండొచ్చాయని, రెండోది తామోదని హమ్మూ చెప్పాడు. ఎప్పుడూ ఆ పని చేసే కోడలు పురిట్లో ఉంటే ముసలమ్మే మూత అంటించి పంపిందట.

గజాలా కుండ పట్టుకుని తామో గడప తొక్కింది. అక్కడ తన కుండ సగం ఖాళీ అయింది. తామో కళ్లు తడిగా ఉన్నాయి.

"ఈ అడవి వాము ఎక్కడిదే?"

"మా కొండదమ్మా. నేనే ఎండబెట్టా."

"మా అమ్మ కూడా ఇదే వేసేది."

పక్కనే తింటున్న తామో కొడుకు తెల్లబోయాడు. వాళ్లమ్మ పుట్టిల్లు ఫెజ్ పట్నమనే అతను ఇన్నాళ్లూ విన్నాడు.

"నేనూ కొండదాన్నేరా," అంది తామో. "కాపురానికొచ్చిన కొత్తలో నా యాసకి వాడంతా నవ్వింది. అప్పట్నుంచి ఆ ఊసెత్తలా. నవ్వినోళ్లంతా పోయారు, నేను మాత్రం నోరు కట్టుకునే ఉన్నా."

ఆ సాయంత్రం ప్రార్థనలో ఆవిడ జరిగి, గజాలాను చెయ్యి పట్టి బల్ల మీద పక్కన కూర్చోబెట్టుకుంది. కీర్తన ఇద్దరూ కొండ యాసలోనే ఎత్తుకున్నారు.

మళ్లీ శుక్రవారం రెండు కుండల మీదా దువ్వెన గీతలే. ఎవరో ఒకరు గుర్తు మార్చండమ్మా, లేకపోతే మళ్లీ తారుమారవుతాయని హమ్మూ తల పట్టుకున్నాడు.

"కానీలే," అంది తామో. "అందుకేగా వేసింది."