మంగా అన్న కేక

పందొమ్మిది వందల అరవై ప్రాంతం. సముద్రం ఎన్నడూ చూడని అనంతపురం వాణ్ణి. ఓ రోజు తెల్లవారుతుండగా నెల్లూరు దగ్గర మైపాడు తీరం ఇసుకలోకి నడిచాను. కాళ్ల కింద ఎడారిలా ఇసుక, దాని మీద దట్టమైన మంచు. పదడుగుల అవతల ఏమీ కనబడటం లేదు. అలల హోరు నాలుగు వైపుల నుంచీ వస్తున్నట్టుంది. సముద్రం ఎటుందో తెలియలేదు.

అప్పుడొక ఆడమనిషి కేక వినిపించింది. "మంగా... ఓ మంగా!"

బిడ్డ తప్పిపోయిందనుకున్నాను. నీళ్లవైపు పోయిందేమో! ఇసుకలో చిన్న పాదాల గుర్తులు వెతుక్కుంటూ కేక వచ్చిన వైపు పరుగెత్తాను. తడిసిన చీరతో ఒకామె ఒడ్డున నిలబడి ఉంది.

"పాప ఎటు పోయిందమ్మా?" అన్నాను.

ఆమె నన్ను వింతగా చూసింది. "పాప ఇంట్లో నిద్రపోతా ఉందన్నా. వాళ్ల నాయన నిన్న పడవేసుకోని పోయినాడు, ఇంకా రాలేదు. ఈ మంచులో ఒడ్డు యాడుందో ఆయనకెట్టా తెలిసేది?"

భర్త పేరు పలకకూడదని బిడ్డ పేరుతో పిలుస్తోంది. మా అమ్మ కూడా నాన్న పేరు పలకదు. కానీ ప్రాణాల మీదికి వచ్చినప్పుడు కూడానా!

ఆమె గొంతు పూర్తిగా బొంగురుపోయింది. "నువ్వన్నా పిలువన్నా," అంది.

"ఆయన పేరేంటమ్మా?"

తల అడ్డంగా ఊపింది. "మంగా అను. దానికే పలుకుతాడు."

పిలిచాను. మళ్లీ మళ్లీ పిలిచాను. ఆమె చీర కొంగు నోట్లో కుక్కుకుంది. చాలాసేపటికి మంచులోంచి ఓ మగగొంతు గద్దించింది.

"ఎవుర్రా అది, నన్ను మంగా అంటా ఉండేది?"