మధులత మూత తీయని సీసా

అమీర్‌పేటలో నీట్ కోచింగ్‌కు వచ్చే పిల్లలకు మధులత బోటనీ చెబుతుంది. ఫెర్న్‌ల పాఠం వచ్చిందంటే వెనక బెంచీ వాళ్లు ముందే నవ్వుకుంటారు, మేడమ్ ఇవాళ గంట కొట్టినా వదలదని.

ఆమె ఇంట్లో ఒక గాజు సీసా ఉంది. ఒకప్పుడు మామిడికాయ తొక్కు పెట్టుకున్న పెద్ద సీసా. అడుగున బొగ్గు ముక్కలు, వాటి మీద నాచు, నాచు మీద వాలుగా ఆనించిన చెట్టు బెరడు. ఆ బెరడును పట్టుకుని పెసరగింజంత ఆకులున్న ఫెర్న్. ఎమ్మెస్సీ చదివేటప్పుడు సీనియర్ ఒకామె అడవిలోంచి తెచ్చి ఇచ్చిన ముక్క. దానికి మట్టి అక్కర్లేదు, గాలిలో చెమ్మ చాలు. మూత బిగిస్తే లోపలి నీరే ఆవిరై, గాజుకు పట్టి, మళ్లీ కిందికి జారుతుంది. నాలుగేళ్లు గడిచినా అది తొమ్మిది ఆకులు దాటలేదు.

కూతురు రాగసుధ పుట్టిన నెలకు పదో ఆకు వచ్చింది. మూడో నెల నిండేసరికి ముప్పై ఒకటి.

మధులత మొదట మురిసిపోయింది, నోటు పుస్తకంలో తేదీలు రాసుకుంది. ఆ తర్వాత ఒక సంగతి గమనించి పెన్ను పక్కన పెట్టేసింది. కొత్త ఆకులన్నీ కిటికీకి వీపు పెట్టి, ఊయల వైపు తిరిగి ఉన్నాయి. సీసాను అటుది ఇటు తిప్పింది. నాలుగో రోజుకల్లా అవి మళ్లీ ఊయల వైపే చూస్తున్నాయి.

వానలు మొదలయ్యాక పాప ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యాయి. ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకల కింద చర్మం లోపలికి గుంజుకుపోయేది. పంజాగుట్టలో ఒక ఆసుపత్రిలో రెండు రోజులు ఉంచారు. పంపించేటప్పుడు డాక్టరు అడిగాడు, "ఇంట్లో బూజు పట్టేవి, తడిగా ఉండేవి ఏమైనా ఉన్నాయా? ఉంటే ముందు వాటిని తీసేయండి. ఈసారి ఇంతకంటే ఎక్కువైతే ఐసీయూ అవుతుంది."

ఇంటికి వచ్చి తాళం తీసి చూస్తే ఫెర్న్ ఆకులన్నీ పిడికిళ్లలా ముడుచుకుని ఉన్నాయి. గాజు నిండా చెమ్మ ఉంది, ఎండిపోవడానికి కారణం లేదు. పాపను ఊయలలో వేసి పాలు కలుపుకొచ్చేలోగా అవి ఒక్కొక్కటే విప్పుకున్నాయి.

మధులత పాలసీసా కింద పెట్టి, గాజు సీసాను రెండు చేతులా ఎత్తింది.

"యాడికి తీస్కపోతున్నవ్ బిడ్డా?" వంటింట్లోంచి అత్తగారు చంద్రమ్మ పరుగున వచ్చింది.

"పారేస్తా అత్తమ్మా. డాక్టరు చెప్పింది విన్నరు గదా."

"పారేయకు. జర ఆగు." చంద్రమ్మ తలుపుకు అడ్డంగా నిలబడింది. "గా సీసల పోరి బొడ్డుపేగు ఉన్నది."

"ఏం పేగు?"

"బొడ్డు ఊడినప్పుడు పడ్డది. దాన్ని మట్టిల పెట్టాలె. ఎండొద్దు, ఎలుక నోట్ల పడొద్దు. మా ఊర్ల అయితే పెరట్ల పెడ్తం. గీ మూడో అంతస్తుల మట్టి యాడ దొరుకుతది? కిందికి పోతే అంత సిమెంటే. సీసల పచ్చగ కనపడ్డది, నువ్వు పండుకున్నప్పుడు లోపట పెట్టి మూత పెట్టిన."

"అది మట్టి కాదత్తమ్మా, నాచు!"

"నాకేమెరుక? ఇంట్ల చెట్టంటె గదొక్కటే."

మధులతకు కోపం రాలేదు. సీసాను బల్ల మీద పెట్టి మూత తీసింది. ల్యాబ్‌లో వాడే పొడుగాటి పట్టకారుతో నాచు పక్కకు జరిపింది. ఎండు అల్లం ముక్కలా నల్లగా, చిటికెనవేలి గోరంత ఉందది. బెరడును విడిచిపెట్టి ఫెర్న్ కాండాలు కిందికి దిగాయి. దారప్పోగుల్లా దాని చుట్టూ చుట్టలు చుట్టుకున్నాయి.

కుళ్లే పదార్థంలో నైట్రోజన్ ఉంటుంది, మొక్క అటు పాకుతుంది, వింతేమీ లేదు అనుకుంది మధులత. పేగును విడదీసి అత్తగారికి ఇచ్చేసి, మిగతాది పారేస్తే సరి. చిన్న కత్తెర తీసి ఒక పోగు కత్తిరించింది.

ఊయలలో చప్పుడు ఆగిపోయింది.

పాప నోరు తెరిచి ఉంది. ఊపిరి లోపలికి పోలేదు, బయటికీ రాలేదు. పెదవులు నీలంగా మారాయి. చంద్రమ్మ ఎత్తుకుని వీపు మీద చరిచింది. ఒకటి, రెండు, మూడు... తొమ్మిదో లెక్కకు పాప పెద్దగా ఏడ్చింది.

"ఇంకోటి కోయకు," అంది చంద్రమ్మ, మెల్లగా.

ఒక్కసారి జరిగినది రుజువు కాదని మధులత పిల్లలకు ఎన్నిసార్లు చెప్పిందో. మళ్లీ చేసి చూడాలి, అదే ఫలితం రావాలి. కత్తెర ఇంకా వేళ్ల మధ్యే ఉంది. రెండో పోగు కళ్ల ముందే ఉంది.

కత్తెర బల్ల మీద పెట్టేసింది.

నాచు మళ్లీ కప్పి, మూత బిగించింది. బూజు గాలి బయటికి రాకుండా మూత అంచు చుట్టూ కొవ్వొత్తి మైనం పోసింది. చంద్రమ్మ కొవ్వొత్తి పట్టుకుంది. చివరి సందు మూసుకుపోతుంటే మధులత ఎడమ చెయ్యి పాప ఛాతీ మీదే ఉంది. ఛాతీ లేస్తూ, పడుతూనే ఉంది. సీసాను వంటింటి అరలోకి మార్చారు. సాయంత్రం భర్త విజయేందర్ ఆఫీసు నుంచి వచ్చి, "ఇదేంది, సీసాకు సమాధి కట్టిన్రా?" అని నవ్వాడు. ఇద్దరూ నవ్వలేదు.

ఇప్పుడు రాగసుధకు రెండేళ్లు. పిల్లికూతలు మళ్లీ రాలేదు. మధులత పొద్దున లేచి ముందు వంటింట్లోకి వెళ్తుంది, ఆ తర్వాతే పాప దగ్గరికి.

మొన్న క్లాసులో వృక్షోపజీవుల పాఠం చెప్పింది. "ఇవి చెట్టు మీద బతుకుతాయి గానీ చెట్టు నుంచి ఏమీ తీసుకోవు. అందుకే పరాన్నజీవులు కావు."

ముందు బెంచీ అమ్మాయి చెయ్యెత్తింది. "మేడమ్, తీసుకోవు సరే. చెట్టుకేమన్న ఇస్తయా?"

"సిలబస్‌లో లేదు," అంది మధులత. పిల్లలు గొల్లున నవ్వారు. ఆమె సుద్దముక్క కింద పెట్టి, వరండాలోకి వచ్చి ఫోన్ చేసింది.

"అత్తమ్మా, ఆకులు విప్పుకునే ఉన్నయా?"

"ఉన్నయి బిడ్డా," అంది చంద్రమ్మ. "ఆడుకుంటున్నది."