డ్యాన్సు టీచరు డెర్వ్లా

ఐర్లండ్ పడమటి తీరాన ఆ ఊళ్ళో, ఆదివారం పూజ అయ్యాక చర్చి పక్క హాల్లో డెర్వ్లా పిల్లలకి డ్యాన్సు నేర్పుతుంది. ఆ డ్యాన్సులో కాళ్ళే ఆడాలి, చేతులు కదలకూడదు; అందుకే నడుము నిటారుగా, చేతులు ఒంటికి అంటించుకుని ఉంటుంది. కొట్లో రొట్టె కొనేటప్పుడూ అంతే. ఆ అడుగులన్నీ చిన్నప్పుడు వంటింటి బండల మీద నాప్లా పిన్ని నేర్పినవే. కిందటి వారం ఫిడేలు మొదలవగానే ఆ పిన్నే లేచి, చేతులు ఊపుతూ పిల్లల మధ్య ఆడింది. పిల్లలు కిసుక్కుమన్నారు.

“కూర్చో పిన్నీ! నిన్ను చూసి వీళ్ళు చెడిపోతారు. పోటీలో మార్కులు పోతాయి,” అని కసిరింది డెర్వ్లా.

“మార్కులా! మీ అమ్మా నేనూ ఆడితే జనం ఇళ్ళకెళ్ళేవారు కాదే,” అని నవ్వి, పిన్ని కోటు తొడుక్కుని వెళ్ళిపోయింది.

ఈ ఆదివారం పూజలో, ఒకరికొకరు శాంతి చెప్పుకునే వేళ, పిన్ని డెర్వ్లా చెయ్యి పట్టుకుంది. “శాంతి కలుగుగాక తల్లీ. ఇక హాలుకి రాన్లే. మోకాళ్ళు మొరాయిస్తున్నాయి.”

పొద్దున పిన్ని చకచకా గుట్టెక్కి రావడం డెర్వ్లా చూసింది. క్షమాపణ అడగబోయి, “శాంతి పిన్నీ,” అని మాత్రం అంది.

ఫాదరు ఇచ్చే సత్ప్రసాదపు రొట్టె అందుకోవడానికి వరసంతా లేచింది. మనసులో తప్పు ఉన్నవాళ్ళే అది పుచ్చుకోకుండా కూర్చుండిపోతారు.

“లేవవే,” అంది పిన్ని.

“నువ్వెళ్ళు పిన్నీ. ఈవేళ నేను పుచ్చుకోలేను.”

పిన్ని ఆమె ముఖంలోకి చూసింది. ఊరంతా చూస్తుండగా, తనూ వెళ్ళకుండా పక్కనే కూర్చుండిపోయింది.