నిలబెట్టిన రాళ్ళ దారి

కొండమీది పాత ఊళ్ళకు మనుషుల్ని నడిపించే ఆమెను అందరూ దారక్క అంటారు. ఇరవై ఆరేళ్ళుగా అదే పని. పొద్దున ఏడింటికి బస్సు దగ్గర మొదలుపెట్టి, మూడు ఊళ్ళు చూపించి సాయంత్రానికి కిందికి దించుతుంది. ఆ ఊళ్ళను కలిపే రాతిబాట ఎన్ని వందల ఏళ్ళదో పండితులు తేల్చుకోనీ, దాన్ని బాగుచేస్తూ బతికినవాడు మాత్రం ఆమె నాన్న. రాయిని పడుకోబెట్టకూడదు, అంచుమీద నిలబెట్టాలి. అప్పుడే సందుల్లోంచి నీళ్ళు దిగిపోతాయి, కాలికి పట్టు దొరుకుతుంది. ఈ ముక్క ఆమెకు అక్షరాలకంటే ముందే వచ్చింది.

కిందటి నెల ఆమె పనిచేసే టూరు కంపెనీ మేనేజరు రెండో మలుపు దగ్గర బాటంతా పీకించి, అవే రాళ్ళను పడుకోబెట్టి నున్నగా పరిపించాడు. ఫొటోల్లో బాగుంటుందట! దారక్క వద్దని మొత్తుకుంది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. మొన్న వాన వెలిశాక అక్కడే ఒక టీచరమ్మ జారిపడి చెయ్యి విరగ్గొట్టుకుంది. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు, 'గైడు అజాగ్రత్త వల్ల' అని కంపెనీ కాగితం రాసింది. ఈ సాయంత్రంలోగా దారక్క దానిమీద సంతకం పెట్టాలి, లేదా బ్యాడ్జి ఇచ్చేయాలి.

ఈరోజు పద్నాలుగుమంది వచ్చారు. ఎక్కుతున్నంతసేపూ ఆమెకు ఒళ్ళు మండిపోతూనే ఉంది. మొదటి ఊళ్ళో కోటగోడ కథ సగంలోనే ముగించేసింది. రెండో మలుపులో అందర్నీ ఆపి, తన సీసాలో నీళ్ళు నున్నటి రాళ్ళమీద పోసింది. నీళ్ళు అక్కడే నిలిచాయి. నాలుగడుగులు పైకెళ్ళి, మిగిలినవి నాన్న పెట్టిన రాళ్ళమీద పోసింది. చూస్తుండగానే ఇంకిపోయాయి.

"మొన్న ఒకావిడ పడింది ఇక్కడే. నా వల్లే పడిందని రాసుకున్నారు," అంది.

ఫొటో తీయబోయిన పెద్దమనిషి ఫోను జేబులో పెట్టేసుకున్నాడు. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని మలుపు దాటారు.

సాయంత్రం ఆఫీసులో మేనేజరు కాగితం ముందుకు తోశాడు.

"ఒక్క సంతకమే కదక్కా. రేపు మామూలుగా పనిలోకి వచ్చెయ్."

"మా నాన్న నిలబెట్టిన రాళ్ళమీద ఒక్కరూ పడలేదు బాబూ. నువ్వు పడుకోబెట్టినవాటికి నేనెందుకు సంతకం పెట్టాలి?"

బ్యాడ్జి తీసి ఆ కాగితం మీదే పెట్టి వచ్చేసింది.

మర్నాడు కొత్త గైడు జనాన్ని తీసుకుని పైకొచ్చేసరికి, రెండో మలుపులో దారక్క తన నాన్న వాడిన గునపంతో రాళ్ళు పెకలిస్తోంది. మొదటి రాయి అప్పటికే అంచుమీద నిలబడి ఉంది.

"పని పోయిందన్నారు కదక్కా, ఇక్కడేం చేస్తున్నావ్?" అన్నాడతను గొంతు తగ్గించి.

"పోయింది బ్యాడ్జే తమ్ముడూ. పని ఇక్కడే ఉంది. వాళ్ళని పక్కగా నడిపించు."