హెళవప్ప మూట కట్టకముందే

అమ్మ దగ్గర్నించి కార్డు వచ్చింది. “హెళవప్ప సోమవారం వస్తాడంట. మగబిడ్డ లేడని వంశాల పుస్తకంలో మన కొమ్మ ఈసారితో ముగించేస్తాడంట. నీ ఇష్టం.” మా అమ్మ నీ ఇష్టం అని రాసిందంటే, వెంటనే రమ్మని. మేం ఒకప్పటి నిడుగల్లు కోట దొరలం. ఇప్పుడు మిగిలింది కొండ కింద ఇల్లు, చెనిక్కాయ చేను.

సోమవారం ఏడున్నరకు పావగడలో బస్సెక్కాను. పక్కనున్న ముసలామె గొర్రెపిల్లను ఒళ్లో సర్దుకుంటూ అడిగింది, “యాడికి పోతాండావమ్మా?”

“పేరు రాయించుకునేదానికి.”

“రేషన్ కార్డులోనా?”

“కాదు, వంశంలో.”

“దానికన్నా రేషన్ కార్డే మేలు” అంది.

తొమ్మిదికి నిడుగల్లులో దిగాను. కోట చూడాలనుకునేవాళ్లు ఎండ ముదరకముందే ఎక్కండి. నీళ్లు వెంట ఉంచుకోండి, పైన దొరకవు.

హెళవప్ప అప్పటికే మా అరుగు మీద ఎర్రగుడ్డ మూట విప్పి, పుస్తకం తెరిచాడు. మూడేళ్లకోసారి వచ్చి ఇంటింటి వంశం చదివి, గింజలు తీసుకోవడం ఆయన కులవృత్తి. గొంతెత్తి చదివాడు: ఉత్తర బురుజు కట్టించిన తాత, చెరువు తవ్వించిన తాత, ముట్టడిలో చెయ్యి పోగొట్టుకున్న తాత. చివర మా నాయన. “ఈయనకు కొడుకుల్లేరు. కొమ్మ నిలిచిపోయ.”

“నేనుండాను గదప్పా! ఇంతమంది తాతలకూ అమ్మలే లేరా? బురుజులోంచి ఊడిపడినారా?”

“ఆడోళ్లను రాసే ఆచారం లేదమ్మా.”

ఆచారం నాకూ తెలుసు. గింజలు పుచ్చుకోకుండా విప్పిన మూట కట్టకూడదు. ఇంట్లో ఇవ్వదగ్గ గింజలంటే ఒక్క బస్తా, విత్తనానికి దాచిన చెనిక్కాయలు. పోయి దాని మీద కూర్చున్నాను.

పన్నెండైంది. అమ్మ ఇద్దరికీ సంగటి, ఎర్రకారం పెట్టింది. నేను బస్తా మీద, ఆయన మూట పక్కన తిన్నాం. చెయ్యి కడుక్కుని ఆయన కలం తీశాడు. “సరే తల్లీ. ఏం చేసినావని రాయాల?”

ఎగతాళి కాదు, నిజంగానే అడిగాడు. కాలేజీలో పాఠాలు చెప్తానని అనబోయాను. బురుజు పక్కన దాన్ని పెట్టి చూసుకుంటే చిన్నదిగా కనిపించింది.

అమ్మ గిన్నె తోముతూనే అంది, “మూడేండ్లు వాన లేకపోయినా, పస్తులుండారు గానీ విత్తనం ముట్టలేదని రాయప్పా.”

“ఎవరమ్మా?”

అమ్మ తోమిన గిన్నె బోర్లించింది. నేను బస్తా మీంచి లేచాను.

“హనుమక్క” అన్నాను, అమ్మను చూపించి. “ఈ ఇంటి కోడలు.”

ఆయన రాశాడు. అమ్మ దోసెడు విత్తనం తీసి ఆయన జోలెలో పోసింది. మూట కట్టుకుని లేచాడు.

నాలుగింటి బస్సు కదిలాక గుర్తొచ్చింది, నా పేరు రాయమని అడగడమే మరిచిపోయానని. నిడుగల్లు వెళ్లేవాళ్లకు సగం కూలిన ఉత్తర బురుజు కనిపిస్తుంది, మేకలు మేసే చెరువు కనిపిస్తుంది. మా వాళ్లు చేసినవాటిలో చెడకుండా నిలిచింది మాత్రం ఆ బస్తా ఒకటే. వాన పడిన రోజు దాన్నీ మట్టిలో కలపాలి.